బేరి పూలు, సర్కారు తుమ్మ: రెండు మొక్కల వలస చరిత్ర

వాషింగ్టన్ నగరానికి పడమరగా, డల్లెస్ విమానాశ్రయాన్ని ఆనుకొని ఉన్న షాంటిలీలో వసంతం తెల్లని పూలతో మొదలవుతుంది. మార్చి రెండో సగంలో, అడవిలోని ఓక్ చెట్లు ఇంకా మోడులుగా ఉండగానే, రూట్ 28, రూట్ 50 రహదారుల పక్కన, ఇళ్ళు కట్టక మిగిలిన ఖాళీ స్థలాల్లో, కంచెల వెంట గుబురుగుబురుగా తెల్లని పూలు విచ్చుకుంటాయి. ఈ ప్రాంతానికి కొత్తగా వచ్చినవారు వాటిని వాషింగ్టన్‌లోని ప్రసిద్ధమైన చెర్రీ పూలే అనుకోవడం మామూలు. దగ్గరికి వెళితే చెర్రీ కాదని ముక్కే చెబుతుంది. ఆ పూలది కుళ్ళిన చేపను తలపించే వాసన.

అది కాలరీ బేరి చెట్టు. వృక్షశాస్త్రంలో దాని పేరు పైరస్ కాలెరియానా. 19వ శతాబ్దంలో చైనాలో ఈ మొక్కను సేకరించిన మతప్రచారకుడు జోసెఫ్-మరీ కాలరీ పేరు మీద దానికి ఆ పేరు వచ్చింది. చైనా, వియత్నాం దానికి స్వస్థలం. వర్జీనియా రహదారుల పక్కన దాన్ని ఎవరూ విత్తలేదు. కాని దాన్ని ఈ దేశానికి తెచ్చినవారు, పెంచినవారు, పేరు పెట్టినవారు, ప్రతి ఇంటి ముందూ నాటించినవారు ఉన్నారు. ఆ కథలో ముఖ్యమైన ఘట్టం జరిగింది షాంటిలీకి గంట ప్రయాణ దూరంలోనే.

ఒక తెగులు, ఒక విత్తనం

20వ శతాబ్ది తొలి దశకాల్లో అమెరికా పశ్చిమ తీరపు బేరి తోటలను ఫైర్ బ్లైట్ అనే బాక్టీరియా తెగులు పీడించింది. తెగులు సోకిన కొమ్మ నిప్పు తగిలినట్టు నల్లబడి ఎండిపోతుంది. ఆరెగన్ రాష్ట్రంలో ఫ్రాంక్ రైమర్ అనే ఉద్యానశాస్త్రవేత్త ఈ తెగులును తట్టుకొనే బేరి జాతి కోసం వెతికి, కాలరీ బేరిలో ఆ గుణం ఉందని గుర్తించాడు. కాలరీ బేరి కాయలు గోలీకాయంత ఉంటాయి, తినడానికి పనికిరావు. అయితే దాని వేరుమొక్క మీద తినే బేరిని అంటుకడితే చెట్టు బతుకుతుందన్నది అతని ఆశ.

విత్తనం చైనాలో ఉంది. అమెరికా వ్యవసాయశాఖ 1898లోనే విదేశీ విత్తనాలు, మొక్కలు తెప్పించడానికి ప్రత్యేక విభాగాన్ని నెలకొల్పింది. డేవిడ్ ఫెయిర్‌చైల్డ్ నడిపిన ఆ విభాగం తరఫున ఫ్రాంక్ మేయర్ అనే డచ్చి దేశీయుడు 1905 నుంచి ఆసియా అంతా కాలినడకన తిరిగి వేలాది రకాల మొక్కలను సేకరించి పంపాడు. ఇవాళ మేయర్ నిమ్మగా అమ్ముడయ్యే నిమ్మకు ఆ పేరు అతనిదే. తన చివరి యాత్రలో మేయర్ కాలరీ బేరి విత్తనాలు సేకరించాడు. ఆ చెట్టు చెరువు నీళ్ళలోనూ, ఎండిన కొండవాలు మీదా, రాతి పగుళ్ళలోనూ పెరగడం చూసి అబ్బురపడ్డాడు. ఎక్కడైనా బతికే వేరుమొక్క దొరికిందన్నది అతని సంతోషం. 1918 జూన్‌లో యాంగ్‌ట్సీ నది మీద పడవలో ప్రయాణిస్తూ అతను కనబడకుండా పోయాడు. కొన్ని రోజులకు నదిలో శవం దొరికింది.

చెరువులోనూ, కొండమీదా, రాతిలోనూ బతుకుతుందన్న ఆ గమనికను ఇవాళ చదివితే హెచ్చరికలా ధ్వనిస్తుంది. రాసినప్పుడు అది యోగ్యతాపత్రం. ఈ మొక్క చరిత్రంతా ఈ రెండు పఠనాల మధ్య నడిచినదే.

గ్లెన్ డేల్ నుంచి ఇంటి ముంగిటికి

మేరీలాండ్‌లోని గ్లెన్ డేల్‌లో వ్యవసాయశాఖకు ఒక మొక్కల ప్రవేశ కేంద్రం ఉండేది. 1918లో చైనాలోని నాన్‌జింగ్‌లో కొన్న విత్తనాల నుంచి మొలిచిన కాలరీ బేరి మొక్కలను అక్కడ పెంచారు. 1950లో, అప్పటికి ముప్పై ఏళ్ళు దాటిన ఒక చెట్టు జాన్ క్రీచ్ అనే శాస్త్రవేత్త దృష్టిలో పడింది. మిగతా చెట్లకు ముళ్ళున్నాయి, దీనికి లేవు. గుండ్రని ఆకృతి, వసంతంలో తెల్లని పూలు, శిశిరంలో ఎర్రని ఆకులు. ఆ కేంద్రానికి పూర్వం అధిపతిగా ఉన్న ఎఫ్. సి. బ్రాడ్‌ఫర్డ్ గౌరవార్థం దానికి బ్రాడ్‌ఫర్డ్ అని పేరుపెట్టి, ముందుగా మేరీలాండ్‌లోని ఒక నివాసవాడ వీధుల్లో నాటి చూశారు. 1963లో మార్కెట్‌లోకి విడుదల చేశారు.

కాలం కలిసివచ్చింది. 1962లో డల్లెస్ విమానాశ్రయం తెరుచుకుంది. పొలాలూ పశువుల మేతబీళ్ళూ నిండిన పల్లెసీమగా ఉన్న షాంటిలీ పరిసరాలు తరువాతి దశకాల్లో నివాసవాడలుగా మారాయి. కాంట్రాక్టర్లు బుల్‌డోజర్లతో మీది మట్టిని గీకివేయగా గట్టిపడిన బంకనేల మిగిలేది. ఆ నేలలో త్వరగా పెరిగి, తెగులు పట్టక, మూడునాలుగేళ్ళకే పూసి, ఇల్లు అమ్ముడుపోవడానికి తోడ్పడే చెట్టు వారికి కావాలి. ఆ లక్షణాలన్నీ బ్రాడ్‌ఫర్డ్ బేరికి ఉన్నాయి. 1966లో అధ్యక్షుని సతీమణి లేడీ బర్డ్ జాన్సన్ వాషింగ్టన్ నగరంలో ఒక బ్రాడ్‌ఫర్డ్ బేరి మొక్కను స్వయంగా నాటింది. తూర్పు అమెరికాలో ఆ చెట్టు లేని నివాసవాడ అరుదైపోయింది.

గొడ్డు చెట్టు పిల్లలు

బ్రాడ్‌ఫర్డ్ బేరికి కాయలు కాయవని నర్సరీలు చెప్పిన మాట అబద్ధం కాదు. కాలరీ బేరి తన పుప్పొడితో తాను ఫలదీకరణ చెందదు. బ్రాడ్‌ఫర్డ్ చెట్లన్నీ ఒకే చెట్టు నుంచి అంటుకట్టినవి కాబట్టి, జన్యుపరంగా అవన్నీ ఒకే చెట్టు. వీధిలో వంద బ్రాడ్‌ఫర్డ్‌లు ఉన్నా ఒకదానితో మరొకటి కలిసి విత్తనం కట్టవు.

ఆ చెట్టుకు వేరే లోపం బయటపడింది. కొమ్మలన్నీ కాండంలో దాదాపు ఒకే చోట నుంచి నిట్టనిలువుగా లేస్తాయి. పదిహేను ఇరవై ఏళ్ళు వచ్చేసరికి గాలివానకో మంచు బరువుకో చెట్టు నడిమికి చీలిపోతుంది. ఈ లోపాన్ని సవరించడానికి నర్సరీలూ ప్రభుత్వ పరిశోధకులూ అదే జాతి నుంచి కొత్త రకాలు తెచ్చారు. అరిస్టోక్రాట్, షాంటిక్లీర్, నేషనల్ ఆర్బొరేటమ్ విడుదల చేసిన వైట్‌హౌస్, కాపిటల్ వాటిలో కొన్ని. జన్యుపరంగా ఇవి బ్రాడ్‌ఫర్డ్‌కు భిన్నమైనవి. ఒక ఇంటి ముందు బ్రాడ్‌ఫర్డ్, పక్కింటి ముందు అరిస్టోక్రాట్ ఉంటే తేనెటీగలు రెంటినీ కలుపుతాయి. అంటుకట్టిన వేరుమొక్క నుంచి పిలకలు లేచి పూసినా అంతే. లోపాన్ని దిద్దడానికి తెచ్చిన రకాలే గొడ్డు చెట్టుకు సంతానాన్నిచ్చాయి.

ఆ కాయలను పిట్టలు తిని, రెట్టలతో గింజలను రహదారుల అంచులకూ పాత పొలాలకూ చేర్చాయి. అక్కడ మొలిచిన చెట్లకు తాతల నాటి ముళ్ళు తిరిగి వచ్చాయి. 2005లో అమెరికా పురపాలక వృక్షనిపుణుల సంఘం షాంటిక్లీర్ బేరిని ఆ సంవత్సరపు నగరవృక్షంగా ప్రకటించింది. 2007లో సిన్సినాటి విశ్వవిద్యాలయానికి చెందిన థెరెసా కల్లీ, సహపరిశోధకురాలితో కలిసి ఈ చెట్టు కొత్త దురాక్రమణ జాతిగా మారిన చరిత్రను బయోసైన్స్ పత్రికలో ప్రచురించింది. ఈ రెంటికీ మధ్య ఎడం రెండేళ్ళే. ఒహాయో 2023లో, పెన్సిల్వేనియా, దక్షిణ కరొలైనా 2024లో ఈ చెట్టు అమ్మకాన్ని నిషేధించాయి. వర్జీనియా పరిరక్షణ, వినోద శాఖ ప్రకటించే దురాక్రమణ మొక్కల జాబితాలో ఇది ఉంది. కాని ఆ జాబితా సమాచారం కోసం తయారైనది. జాబితాలో పేరున్నంత మాత్రాన నర్సరీలో అమ్మకూడదన్న అర్థం లేదు. మొక్క కొనేవారికి ఈ తేడా తెలియడం అవసరం.

కమలాపురం అడవి

ఈ కథ తెలుగువారికి కొత్తది కాకూడదు. 1877లో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీశాఖ కడప జిల్లా కమలాపురంలో ఒక మొక్కను నాటించింది. కరువు నేలల్లో వంటచెరకు కొరత తీర్చడం ఉద్దేశం. మధ్య, దక్షిణ అమెరికా, కరిబియన్ ప్రాంతాలు దాని స్వస్థలం. నీళ్ళు లేకపోయినా బతుకుతుంది, మేకలు ఆకు ముట్టవు, నరికితే మళ్ళీ చిగురిస్తుంది. భారతదేశంలో ప్రొసోపిస్ జూలిఫ్లోరా ప్రవేశానికి సాధారణంగా చెప్పే తొలి తేదీ ఇదే. తెలుగువారు దానికి సర్కారు తుమ్మ అని పేరుపెట్టారు. ఆ పేరులోనే చరిత్ర ఉంది. ఊరి తుమ్మ కాదు, నల్లతుమ్మ కాదు, సర్కారు తెచ్చిన తుమ్మ.

ఆ మొక్క ఇచ్చిన మాట తప్పలేదు. నేటికీ ఎన్నో పల్లెల్లో పొయ్యి కిందికీ బొగ్గుబట్టీలకూ అదే ఆధారం. దానితోపాటు చెరువు గర్భాలు, బంజర్లు, పశువుల బీళ్ళు దాని పాలయ్యాయి. పశువులు తీయని కాయలను తిని గింజలను పేడలో ఊరంతా చల్లాయి. చైనా బేరి విషయంలో వర్జీనియా పిట్టలు చేసిన పనినే ఈ తుమ్మ విషయంలో రాయలసీమ ఆవులూ మేకలూ చేశాయి.

తెలుగు నేలను ఆక్రమించిన మరికొన్ని మొక్కల పుట్టుక చూసినా దిక్కు అదే. ఊదాపూల అందం కోసం 19వ శతాబ్ది చివర బెంగాల్‌కు వచ్చి, క్రమంగా దక్షిణాదికి పాకి, కృష్ణా గోదావరి కాలువలనూ హైదరాబాదు చెరువులనూ కప్పిన గుర్రపు డెక్క దక్షిణ అమెరికాది. అదే శతాబ్ది ఆరంభంలో కలకత్తా వృక్షోద్యానంలో తోటమొక్కగా అడుగుపెట్టిన లంటానా అమెరికా ఉష్ణమండలానిది. 1950లలో పుణె పరిసరాల్లో గుర్తింపునకు వచ్చి, ముట్టుకుంటే చర్మవ్యాధి, పుప్పొడి పీలిస్తే ఆయాసం తెచ్చే వయ్యారిభామ కూడా ఆ ఖండాలదే. తెలుగు పల్లె ఆ కలుపుకు అంత ముద్దుపేరు పెట్టడం చమత్కారమే అయినా, అందం చూసి మోసపోయిన అనుభవం ఆ పేరులో మిగిలి ఉంది.

అంటే అమెరికా ఖండాల మొక్కలు తెలుగు నేలను ఆక్రమించాయి, ఆసియా మొక్కలు వర్జీనియాను ఆక్రమించాయి. ఏ మొక్కా పుట్టుకతో దుష్టం కాదు. బేరి చైనాలో తన పాటికి తాను బతుకుతున్న అడవిచెట్టు. అక్కడ దాని ఆకు తినే పురుగులు, దాన్ని అదుపులో ఉంచే తెగుళ్ళు, దానితో పోటీపడే చెట్లు ఉన్నాయి. సముద్రం దాటినప్పుడు విత్తనం ఒక్కటే దాటింది, శత్రువులు వెనకే ఉండిపోయారు.

తూర్పు అమెరికాకు తూర్పు ఆసియా మొక్కలే ఎక్కువగా ఎందుకు చేటు చేస్తున్నాయన్న ప్రశ్నకు సమాధానం కొంతవరకు 19వ శతాబ్దంలోనే ఉంది. జపాను అడవులకూ తూర్పు అమెరికా అడవులకూ ఉన్న ఆశ్చర్యకరమైన పోలికను హార్వర్డ్ వృక్షశాస్త్రవేత్త ఆసా గ్రే 1859లో వివరించాడు. రెండుచోట్లా అదే తీరు వేసవి వాన, అదే తీరు చలి. అందుకే షాంటిలీ పెరట్లో కరివేపాకు మొక్క చలికాలం ఇంట్లోకి తేకపోతే చచ్చిపోతుంది, చైనా బేరి మాత్రం తన సొంత ఊరిలో ఉన్నట్టే పెరుగుతుంది. తెలుగువారు కుండీల్లో పెంచుకొనే మల్లె, మునగ, గోంగూర వల్ల వర్జీనియా అడవికి ముప్పు లేదు. ముప్పు నర్సరీలో, చలికి తట్టుకుంటుందన్న చీటీతో ఉన్న మొక్కల్లో ఉంది.

పోలికలు, తేడాలు

నర్సరీ చీటీ మీద మెచ్చుకోలుగా రాసే మాటలు దాదాపు అన్నీ దురాక్రమణ లక్షణాలే. త్వరగా పెరుగుతుంది, ఏ నేలైనా సరే, తెగులు పట్టదు, జింకలు తినవు, విరివిగా కాయలు కాస్తుంది. వీటిలో నాలుగైదు ఒకే మొక్కకు ఉండి, దాని పుట్టుక తూర్పు ఆసియా అయితే కొనేముందు జాబితా చూడడం వివేకం.

ఆకురాల్చే కాలంలో నిప్పులా ఎర్రబడే బర్నింగ్ బుష్‌ను కొమ్మకు నాలుగు వైపులా రెక్కల్లా పొడుచుకువచ్చిన బెరడు పట్టిస్తుంది. ఊదారంగు చిన్న ఆకుల జపానీస్ బార్‌బెరీకి కణుపుకొక ముల్లు, గీరితే లోపల పసుపుపచ్చని చెక్క ఉంటాయి. అడవిలో దాని పొదలు దట్టంగా పెరిగినచోట లైమ్ వ్యాధిని మోసే గోమారి పురుగులు ఎక్కువగా ఉంటాయని కనెక్టికట్ పరిశోధకులు చూపించారు. పిల్లలున్న ఇంటికి ఇది చిన్న విషయం కాదు. చలికాలమంతా ఎర్రని పండ్లతో కళకళలాడే నాందినా పండులో సయనైడును విడుదల చేసే పదార్థాలుంటాయి. 2009లో జార్జియా రాష్ట్రంలో ఆ పండ్లను కడుపునిండా తిన్న సీడర్ వాక్స్‌వింగ్ పిట్టలు గుంపుగా చనిపోయాయి. 18వ శతాబ్ది చివర ఫిలడెల్ఫియాకు అలంకారవృక్షంగా వచ్చిన ట్రీ ఆఫ్ హెవెన్, 2018 నుంచి వర్జీనియాలో వ్యాపిస్తున్న స్పాటెడ్ లాంటర్న్‌ఫ్లై అనే పురుగుకు ఇష్టమైన ఆహారం. కంచెకు చాటుగా ఉంటుందని నాటే పరుగువెదురు పొరుగింట్లో పిలకలు వేస్తుంది. అది తన హద్దు దాటకుండా చూసే బాధ్యతను ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ 2023 జనవరి 1 నుంచి చట్టప్రకారం యజమానిపైనే ఉంచింది.

మంచి సంగతి ఏమిటంటే దాదాపు ప్రతి మొక్కకూ అంతే అందమైన స్థానిక బంధువో ప్రత్యామ్నాయమో ఉంది. కాలరీ బేరి పూసే రోజుల తరువాత కొద్దికాలానికే అడవి అంచున సర్వీస్‌బెరీ పూస్తుంది. దాని పూరేకులు సన్నగా, పట్టీల్లా ఉంటాయి, బేరి రేకులు గుండ్రం. సర్వీస్‌బెరీ కాండం నున్నగా బూడిదరంగులో ఉంటుంది, జూన్‌లో వచ్చే పండ్లను పిట్టలే కాదు మనుషులూ తినవచ్చు. వర్జీనియా రాష్ట్రపుష్పం, రాష్ట్రవృక్షం రెండూ అయిన డాగ్‌వుడ్, కొమ్మ నిండా గులాబిరంగు మొగ్గలు పొదిగినట్టుండే రెడ్‌బడ్ తెలిసినవే. తీగల్లో తేడా మరింత సూక్ష్మం. జపాను హనీసకుల్ పూలు తెల్లగా విచ్చి పసుపుబారుతాయి, కాయలు నలుపు. స్థానిక కోరల్ హనీసకుల్ పూలు ఎర్రని గొట్టాలు, కాయలు ఎరుపు. విస్టీరియా కొనేముందు కాయ తడిమితే చాలు. ఆసియా రకాలకు ముఖమల్‌లాంటి నూగు ఉంటుంది, అమెరికా రకం కాయ నున్నన.

పరదేశి అన్న మాట

వలసవచ్చినవారికి ఈ విషయం వింటున్నప్పుడు ఒక ఇబ్బంది కలుగుతుంది. పరదేశి, ఆక్రమణ, స్థానికం వంటి మాటలు మనుషుల విషయంలో ఎలా వాడబడతాయో వారికి అనుభవమే. అందుకే ఇక్కడ నిర్వచనాన్ని ఖచ్చితంగా పట్టుకోవాలి. మరోచోటి నుంచి వచ్చినది కావడం ఒక్కటే ఏ మొక్కనూ దురాక్రమణ జాతిగా చేయదు. అది మనిషి సాయం లేకుండా వ్యాపించి, అక్కడి జీవవ్యవస్థకు హాని చేస్తేనే ఆ పేరు. మిరప, బొప్పాయి, జామ, బంతి అన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చి తెలుగువారి వంటింట్లో, గుమ్మంలో స్థిరపడ్డాయి. బంతి తోరణం లేని పండుగను ఊహించలేం. జపాను నుంచి కానుకగా వచ్చి 1912లో వాషింగ్టన్‌లో నాటిన చెర్రీ చెట్లు అడవిలోకి పరుగెత్తలేదు. ఆసియా నుంచి వచ్చిన క్రేప్ మర్టిల్ నేడు వర్జీనియా వేసవికి అలంకారం. షాంటిలీ అన్న పేరే ఫ్రాన్సులోని ఒక కోట నుంచి వర్జీనియాలోని వెస్ట్‌మోర్‌లాండ్ కౌంటీలో లీ వంశీయుల ఎస్టేటుకు, అక్కడి నుంచి ఫెయిర్‌ఫాక్స్ కౌంటీకి అంట్లుకట్టినట్టు చేరిన పేరు.

పరీక్ష మొక్క ఎక్కడ పుట్టిందన్నది కాదు, అక్కడ ఎవరికి ఆహారమవుతుందన్నది. 2018లో డెసిరే నరంగో, డగ్లస్ టాలమీ, పీటర్ మారా ప్రచురించిన పరిశోధన జరిగింది వాషింగ్టన్ మహానగర ప్రాంతపు ఇళ్ళ పెరళ్ళలోనే. కరొలైనా చికడీ అనే చిన్న పిట్ట తన పిల్లలను గొంగళిపురుగులతో పెంచుతుంది. ఒక గూటి పిల్లలు ఎగిరేలోగా 6,000 నుంచి 9,000 పురుగులు కావాలి. స్థానిక ఓక్ చెట్టు మీద వందలాది రకాల గొంగళిపురుగులు బతుకుతాయి, ఆసియా బేరి ఆకును తినగలిగేవి బహు కొద్ది. పెరట్లోని మొక్కల్లో కనీసం 70 శాతం స్థానిక జాతులు ఉన్నచోటే ఆ పిట్టల సంఖ్య నిలబడుతుందని, అంతకంటే తగ్గితే తగ్గిపోతుందని వారు లెక్కగట్టారు. తెగులు పట్టని చెట్టు అన్న మాటకు పిట్ట లెక్కలో అర్థం ఖాళీ విస్తరి.

ఆ 70 శాతంలోనే ఊరట కూడా ఉంది. మిగిలిన 30 శాతంలో గులాబీలకూ, క్రేప్ మర్టిల్‌కూ, గోంగూర మడికీ చోటుంది. ఎవరూ తన ఊరి జ్ఞాపకాన్ని పెరట్లోంచి పెరికివేయనక్కరలేదు. ఆక్రమించే గుణమున్న కొద్ది జాతులను తీసివేస్తే చాలు.

షాంటిలీలోని ఎలనర్ సి. లారెన్స్ పార్కు దాదాపు 650 ఎకరాలు. పూర్వపు పొలాలు అక్కడ మళ్ళీ అడవిగా మారాయి. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ పార్కుల్లో స్వచ్ఛంద కార్యకర్తలు దురాక్రమణ మొక్కలను చేత్తో పెరికే కార్యక్రమం ఒకటి నడుస్తోంది. బేరి చెట్టును నరికితే సరిపోదు, మొదలు నుంచి అనేక పిలకలు లేస్తాయి. మొదలుకు మందు పూయాలి, లేదా చిన్నప్పుడే వేరుతో పెరకాలి. ఆకులు వచ్చాక పచ్చదనంలో దాన్ని గుర్తుపట్టడం కష్టం. సంవత్సరంలో ఒకటి రెండు వారాలు మాత్రం అది ఎవరూ చెప్పకుండానే తెల్లగా తనను తాను చూపించుకుంటుంది. మార్చిలో రూట్ 28 పక్కన పూసిన చెట్టుకు ఆ వారంలోనే రిబ్బను కట్టి ఉంచితే, పూలు రాలాక కూడా ఏది తీయాలో తెలుస్తుంది. కమలాపురం చుట్టుపక్కల సర్కారు తుమ్మకు అటువంటి వారం ఏదీ లేదు, అది ఏడాది పొడవునా పచ్చగానే ఉంటుంది.